ఉపగ్రహం చూసింది.. ఊరికి తెలియలేదు

అడవికి, సాగుకు అక్కరకొచ్చే వాతావరణ సమాచారం తెరలకే పరిమితం
నిప్పు రాజుకున్నాక సందేశం.. విత్తనం వేశాక హెచ్చరిక
సమాచారానికి కొదవ లేదు.. చేరవేసే మనిషే కరవు

ఆత్మకూరు (నంద్యాల జిల్లా): మహాశివరాత్రి దగ్గరపడిందంటే నల్లమల కాలిబాటలు శివనామ స్మరణతో మార్మోగుతాయి. ఆత్మకూరు మండలం వెంకటాపురం వద్ద అడవిలో అడుగుపెట్టిన భక్తులు నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరుకుంటారు. ఉగాదికి ముందు తరలివచ్చే కన్నడ భక్తులదీ ఇదే దారి. సరిగ్గా ఆ రోజుల్లోనే టేకు, నల్లమద్ది, ఏపి చెట్లు ఆకు రాలుస్తాయి. బోద గడ్డి నిలువునా ఎండిపోతుంది. వంట చేసుకున్న పొయ్యిని ఆర్పకుండా వదిలేసినా, కాల్చి పారేసిన బీడీ ముక్క పడినా చాలు.. గాలి వాలును బట్టి మంట కొండలెక్కుతుంది.

ఆ మంటను భూమికి 800 కిలోమీటర్లకు పైగా ఎత్తున తిరిగే ఉపగ్రహం పసిగడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఆ సమాచారాన్ని విశ్లేషిస్తుంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ అది ఏ బీటు పరిధిలోకి వస్తుందో తేల్చి, సంబంధిత సిబ్బంది సెల్‌ఫోన్లకు సంక్షిప్త సందేశం పంపుతుంది. అంతరిక్షం నుంచి డెహ్రాడూన్ వరకు సాగే ప్రయాణం సాఫీగానే ఉంది. చిక్కంతా అక్కడి నుంచి చెంచుగూడెం దాకా ఉన్న చివరి అంచెలోనే.

వాతావరణం మారుతోందన్నది ఇప్పుడు చర్చనీయాంశం కాదు. దేశ సగటు ఉష్ణోగ్రత 1901-2018 మధ్య సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక తేల్చింది. 1901 తర్వాత దేశంలో అత్యంత వేడి సంవత్సరంగా 2024 నమోదైందని భారత వాతావరణ విభాగం ప్రకటించింది. ఈ మార్పును తట్టుకునేందుకు అడవిని కాచే సిబ్బందికి, అటవీ హక్కు పత్రాలు పొందిన గిరిజనులకు, మెట్ట రైతులకు ఏటా గుట్టలకొద్దీ సమాచారం సిద్ధమవుతోంది. అది ఎవరి చేతికి, ఏ భాషలో, ఎంత ముందుగా అందుతోందన్నదే అసలు ప్రశ్న.

చుక్కకు, మంటకు మధ్య

అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో కార్చిచ్చులపై రాష్ట్రాలను అప్రమత్తం చేస్తోంది. తొలుత వినియోగించిన మోడిస్ పరికరం కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు గడిని ఒక్క చుక్కగా చూసేది. అంటే సుమారు 247 ఎకరాల్లో ఎక్కడో మంట ఉందని మాత్రమే తెలిసేది. 2017 నుంచి 375 మీటర్ల గడిని చూడగల వీఐఐఆర్‌ఎస్ పరికరం సమాచారం అందుబాటులోకి వచ్చింది. గాలించాల్సిన విస్తీర్ణం దాదాపు 35 ఎకరాలకు తగ్గింది. 2019 జనవరిలో హెచ్చరికల వ్యవస్థను మరింత మెరుగుపరిచారు. సిబ్బందే కాదు, ఆసక్తి ఉన్న పౌరులు కూడా పేరు నమోదు చేసుకుని తమ ప్రాంత హెచ్చరికలు పొందే వీలు కల్పించారు.

ఇంత పురోగతి సాధించినా కొన్ని పరిమితులు తప్పలేదు. ఉపగ్రహం రోజంతా ఒకేచోట కాపలా కాయదు. మధ్యాహ్నం ఒకసారి, అర్ధరాత్రి దాటాక మరోసారి నెత్తిమీదుగా వెళుతుంది. మధ్యాహ్నం మూడు గంటలకు రాజుకున్న నిప్పు దాని కంటపడేది అర్ధరాత్రి తర్వాతే. ఈలోగా ఆరిపోయిన మంట లెక్కలోకే రాకపోవచ్చు. మబ్బు కమ్మితే చూపు ఆనదు. అటవీ సిబ్బంది స్వయంగా ఫైరు లైన్లపై ఎండుగడ్డిని తగలబెట్టినా, పట్టా పొందిన పోడు చేనులో మోళ్లు కాల్చినా ఉపగ్రహానికి అదీ మంటే. ఏది ప్రమాదమో, ఏది పనిలో భాగమో తేల్చగలిగేది నేల మీద ఉన్న మనిషి ఒక్కడే.

సందేశం డివిజన్ కార్యాలయానికి చేరడం ఒక ఎత్తు, బీటు అధికారి కంటపడటం మరో ఎత్తు. సెల్ సంకేతాలు అందని లోయలు నల్లమలలో కోకొల్లలు. బేస్ క్యాంపుల్లో ఉండే ప్రొటెక్షన్ వాచర్లలో చెంచులే అధికం. ఏ వాగు ఎక్కడ ఎండుతుందో, ఏ గుట్టమీద గాలి ఎటు మళ్లుతుందో వారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. వారికి ఆంగ్ల అక్షరాల్లో అక్షాంశ, రేఖాంశాలు పంపితే ప్రయోజనం శూన్యం. అదే సమాచారాన్ని వైర్‌లెస్ సెట్‌లో 'ఫలానా కొలను పైగట్టున పొగ' అని చెబితే గంటలో అక్కడ ఉంటారు. అంకెను స్థలం పేరుగా మార్చి చెప్పే ఆ ఒక్క మాటే మొత్తం వ్యవస్థకు ప్రాణం.

అంకెలను ఎలా చదవాలి?

2024 డిసెంబరులో విడుదలైన భారత అటవీ స్థితి నివేదిక ప్రకారం 2023 నవంబరు నుంచి 2024 జూన్ వరకు దేశవ్యాప్తంగా 2,03,544 అగ్ని సంకేతాలు నమోదయ్యాయి. ఉత్తరాఖండ్ 21,033తో మొదటి స్థానంలో, ఒడిశా 20,973తో రెండో స్థానంలో, ఛత్తీస్‌గఢ్ 18,950తో మూడో స్థానంలో నిలిచాయి. ఆ వెంటనే ఉన్నది ఆంధ్రప్రదేశ్. ఇక్కడ 18,174 సంకేతాలు అందాయి. తెలంగాణలో 13,479 నమోదయ్యాయి. దేశం మొత్తమ్మీద చూస్తే 2021-22లో 2,23,333, 2022-23లో 2,12,249గా ఉన్న సంఖ్య కొంత తగ్గింది.

ఈ అంకెలు వెలువడగానే 'రాష్ట్రంలో 18 వేల కార్చిచ్చులు' అన్న ప్రచారం సాగుతుంది. వాస్తవానికి ఒక పెద్ద మంట పలు గడులకు వ్యాపిస్తే అన్ని చుక్కలుగానూ నమోదవుతుంది. రెండు రోజులు మండితే మళ్లీ మళ్లీ లెక్కకొస్తుంది. కాబట్టి ఇవి ఉపగ్రహం గుర్తించిన సంకేతాలే తప్ప విడివిడి ప్రమాదాలు కావు. ఈ తేడా తెలియకపోతే ఒక ఏడాది అంకె తగ్గిందని సిబ్బందిని మెచ్చుకోవడం, మరో ఏడాది పెరిగిందని తప్పుపట్టడం.. రెండూ పొరపాటే అవుతాయి. ఏ బీటులో ఏటా ఒకే వారంలో, ఒకే బాట వెంట చుక్కలు పడుతున్నాయో చూడటమే ఈ సమాచారానికి అసలు వినియోగం. అలా చూస్తే యాత్రికుల బాటలు, ఇప్పపువ్వు, తునికాకు సేకరించే తావులు, పశువుల దారులు ఇట్టే బయటపడతాయి. నిప్పు పడకముందే కాపలా ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

2021 నాటి స్థితి నివేదికలో మరో ముఖ్యమైన అధ్యాయం ఉంది. బిట్స్ పిలానీ గోవా ప్రాంగణంతో కలిసి రూపొందించిన ఆ అధ్యాయం 2030, 2050, 2085 నాటికి దేశంలోని అడవుల్లో ఉష్ణోగ్రత, వర్షపాతం ఏ మేరకు మారవచ్చో పటాలతో సహా వివరించింది. నర్సరీలో ఈరోజు నాటే టేకు మొక్క నరికివేతకు వచ్చేది అప్పుడే. ఏ జాతి మొక్క పెంచాలో నిర్ణయించే రేంజి స్థాయిలో ఆ పటాలు ఎందరు చూశారన్నది ఆలోచించాల్సిన విషయం.

తాడ్వాయి నేర్పిన పాఠం

2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి-మేడారం అడవిలో పెనుగాలులు బీభత్సం సృష్టించాయి. సుమారు 200 హెక్టార్లలో 50 వేల చెట్లు నేలకూలినట్లు అటవీ శాఖ తొలి అంచనా వేసింది. వేళ్లతో సహా పెకలించుకుపోయిన మహావృక్షాలను చూసి ఏళ్ల తరబడి అడవిలో తిరిగిన సిబ్బందే నివ్వెరపోయారు. జనావాసాలకు దూరంగా జరగడంతో ప్రాణనష్టం తప్పింది. మేడారం జాతర రోజుల్లో జరిగి ఉంటే ఊహించడానికే భయం వేస్తుంది.

భారీ వర్షాలపై ఆ రోజుల్లో జిల్లాకు ముందస్తు హెచ్చరికలు ఉన్నాయి. ఆ నిర్దిష్ట అటవీ ప్రాంతంలో ఇంతటి గాలి వీస్తుందని మాత్రం ఎవరూ పసిగట్టలేకపోయారు. కారణాల అన్వేషణకు వాతావరణ, దూర సంవేదన నిపుణుల సాయం కోరాల్సి వచ్చింది. తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలున్నాయి. వర్షం ఎంత పడింది, ఎండ ఎంత కాసిందన్న వివరాలు క్షణాల్లో తెరమీదకు వస్తాయి. అయితే అవి మండలం ప్రాతిపదికన, ప్రధానంగా వ్యవసాయం, విపత్తు నిర్వహణ దృష్టితో ఏర్పాటైనవి. దట్టమైన అడవి నడుమ కొలిచే సాధనాలు తక్కువే. కొలవని చోట ముప్పును ఊహించలేమన్నదే తాడ్వాయి చెప్పిన సత్యం.

చేనుకు చేరని కబురు

అడవి అంచు దాటి మెట్ట చేలలోకి వస్తే పరిస్థితి వేరుగా లేదు. భారత వాతావరణ విభాగం ప్రతి మంగళ, శుక్రవారాల్లో జిల్లాలవారీగా వ్యవసాయ వాతావరణ సలహాలు జారీ చేస్తుంది. రాబోయే అయిదు రోజుల్లో వాన, ఎండ, గాలి, తేమ ఎలా ఉంటాయో, ఏ పైరుకు ఏం చేయాలో అందులో ఉంటుంది. 2019 ఆగస్టులో ప్రారంభించిన మేఘదూత్ యాప్‌లో తెలుగులోనూ సలహాలు పొందవచ్చు. పిడుగు హెచ్చరికలకు దామిని యాప్ ఉంది. 2024 అక్టోబరు 24న గ్రామ పంచాయతీ స్థాయి వాతావరణ సూచనలకు కేంద్రం శ్రీకారం చుట్టింది. 2025 మేలో ఆరు కిలోమీటర్ల గడితో అంచనాలు ఇచ్చే భారత్ ఫోర్‌కాస్ట్ వ్యవస్థ అందుబాటులోకి వచ్చింది.

యాప్‌ల సంఖ్య పెరుగుతున్న కాలంలోనే వాటిని వివరించే మనుషుల సంఖ్య తగ్గింది. 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను దశలవారీగా నెలకొల్పారు. దేశవ్యాప్తంగా 199 విభాగాలు పనిచేశాయి. వాతావరణ సూచనను స్థానిక నేలకు, పైరుకు అన్వయించి, బ్లాకు స్థాయి సలహాగా మలిచి, రైతుల వాట్సాప్ సమూహాలకు, పత్రికలకు పంపడం అక్కడి నిపుణుల పని. 2024 జనవరిలో వెలువడిన ఉత్తర్వులతో 2023-24 ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి వీటన్నింటినీ మూసివేశారు. పునరుద్ధరించాలన్న ప్రతిపాదనలు తర్వాత వినిపించాయి. అంతకుముందు నుంచీ ఉన్న 130 క్షేత్ర విభాగాలపైనే భారం పడింది. వాటిలో ఒక్కొక్కటీ పలు జిల్లాలను చూసుకోవాలి.

సమాచారం యంత్రాల ద్వారా దానంతటదే సేకరణ అవుతున్నప్పుడు మనుషులు ఎందుకన్న వాదన ఈ నిర్ణయం వెనుక వినిపించింది. లెక్కలు సేకరించడం, వాటిని రైతుకు పనికొచ్చే మాటగా మార్చడం రెండూ ఒకటి కావన్న విషయం ఇక్కడ మరుగున పడింది. '60 శాతం వర్షసూచన' అన్న అంకె చూసి రైతు మందు పిచికారీ చేయాలా, ఆపాలా? ఎర్ర నేలలో వేరుసెనగకు ఒక సమాధానం, నల్లరేగడిలో శనగకు మరో సమాధానం ఉంటుంది. రాయలసీమలో ఒక గట్టు తడిసి పక్క గట్టు తడవని వానలు రైతులకు కొత్తకాదు. ఆరు కిలోమీటర్ల గడి ఎంత చిన్నదైనా అందులో కొన్ని ఊళ్లు ఇముడుతాయి. పంచాయతీ పేరుతో వచ్చిన సూచన సరిగ్గా తన చేనుకే వర్తిస్తుందని నమ్మి మోసపోయిన రైతు, మరుసటిసారి నిజమైన హెచ్చరికనూ పెడచెవిన పెడతాడు. సూచన హద్దులేమిటో చెప్పే మనిషి దగ్గర లేకపోతే నమ్మకమే పోతుంది.

పాత జిల్లాలు.. ఆంగ్ల పుస్తకాలు

2023 ఆగస్టును మెట్ట రైతులు అంత తేలిగ్గా మరచిపోరు. 1901 తర్వాత దేశంలో అతి తక్కువ వర్షం కురిసిన ఆగస్టు అది. సాధారణం కన్నా 36 శాతం లోటు ఏర్పడింది. ఇలాంటి గడ్డుకాలానికే హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా, రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాల తోడ్పాటుతో దేశంలో 600కు పైగా జిల్లాలకు ఆపత్కాల ప్రణాళికలు సిద్ధం చేసింది. రుతుపవనాలు రెండు వారాలు ఆలస్యమైతే ఏం చేయాలి, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలైతే ఏ పంట వేయాలి, మొలిచాక వాన మొహం చాటేస్తే పైరును ఎలా కాపాడాలి అన్న వివరాలు వాటిలో ఉన్నాయి. వేరుసెనగ అదను దాటితే కంది, ఆముదం, జొన్న, కొర్ర.. అదీ దాటితే చివరకు ఉలవ. రైతు అనుభవానికి శాస్త్రం తోడైన విలువైన పత్రాలవి.

అవి అంతర్జాలంలో ఎవరికైనా ఉచితంగా లభ్యమవుతాయి. అయితే పట్టికల నిండా ఆంగ్లం. ఎక్కువ భాగం పాత జిల్లాల ప్రాతిపదికన తయారైనవి. తెలంగాణలో 2016లో 31కి, 2019లో 33కి జిల్లాలు పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నంద్యాల రైతు కర్నూలు పేరుతో, నాగర్‌కర్నూల్ రైతు మహబూబ్‌నగర్ పేరుతో వెతుక్కోవాలి. పరిపాలన సౌలభ్యం కోసం హద్దులు మార్చినప్పుడు సమాచారం పెట్టెల మీద పేర్లు కూడా మార్చాలన్న ధ్యాస ఉండాలి. ఇదే సంస్థ నిక్రా పథకం కింద చేపట్టిన మదింపులో దేశంలోని 109 జిల్లాలు వాతావరణ ముప్పు అత్యధికంగా, మరో 201 జిల్లాలు అధికంగా ఉన్నవని తేల్చింది. తన జిల్లా ఏ వరుసలో ఉందో సాధారణ రైతుకు తెలిసే దారి లేదు.

ఈ శూన్యాన్ని పుకార్లు భర్తీ చేస్తున్నాయి. ఎప్పుడో ఏళ్ల కిందటి తుపాను చిత్రాలు 'రేపే తీరం దాటుతుంది' అన్న మాటతో సెల్‌ఫోన్లలో చక్కర్లు కొడతాయి. తేదీ ఉండదు, ఏ జిల్లాకో ఉండదు, ఎవరు చెప్పారో ఉండదు. అధికారిక హెచ్చరిక ఆంగ్లంలో పది పేజీలు, అబద్ధం అచ్చ తెలుగులో రెండు వాక్యాలు! ఏది ముందుగా ఊరు చుడుతుందో చెప్పనక్కర్లేదు.

అగ్రరాజ్యంలో మాయమైన పేజీలు

సమాచారాన్ని అంతర్జాలంలో ఉంచితే చాలు, అది శాశ్వతమన్న భ్రమ అమెరికాలో ఇటీవలే బద్దలైంది. ఆ దేశ అటవీ సర్వీసు వ్యవసాయ శాఖ పరిధిలో పనిచేస్తుంది. అడవులు, భూముల నిర్వాహకుల కోసమే ప్రత్యేకంగా వాతావరణ మార్పుల సమాచార కేంద్రాన్ని అది ఏళ్ల కిందటే అంతర్జాలంలో నెలకొల్పింది. 2025 జనవరి చివర్లో, కొత్త ప్రభుత్వం కొలువుదీరిన కొద్దిరోజులకే, వాతావరణ మార్పు ప్రస్తావన ఉన్న పేజీలను గుర్తించి తొలగించాలంటూ వ్యవసాయ శాఖలో ఆదేశాలు వెళ్లాయి. పలు పేజీలు, పటాలు కనుమరుగయ్యాయి. సాగు నిర్ణయాలకు వాటిపై ఆధారపడిన రైతుల సంఘం ఒకటి, పర్యావరణ సంస్థలతో కలిసి ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టును ఆశ్రయించింది. మే నెలలో విచారణకు ముందే తొలగించిన సమాచారాన్ని పునరుద్ధరిస్తామని ప్రభుత్వం కోర్టుకు తెలిపింది.

అక్కడ పేజీలు పోయాయి, రైతులు కోర్టుకెక్కి రాబట్టుకున్నారు. ఇక్కడ 199 విభాగాలు మూతపడినా పెద్దగా అలికిడి లేదు. అక్కడి రైతుకు ఏం పోయిందో తెలిసింది. ఇక్కడి రైతులో చాలామందికి ఏముందో తెలిస్తేగా, పోయిందని తెలియడానికి! రెండు దేశాల మధ్య తేడా సాంకేతికతలో కన్నా ఇందులోనే ఎక్కువగా కనిపిస్తుంది.

రైతే లెక్క రాసిన కాలం

పరిష్కారం కోసం పరాయి దేశాల వైపు చూడాల్సిన అవసరం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అందుకు నిదర్శనం ఉంది. 2003లో నెదర్లాండ్స్ సాయంతో మొదలై, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం అది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ.. ఈ ఏడు కరవు జిల్లాల్లోని ఆరు వందలకు పైగా గ్రామాల్లో దాన్ని అమలు చేశారు.

ఆ పథకంలో నిపుణులు వచ్చి అంకెలు చెప్పి వెళ్లలేదు. ఊళ్లో వర్షమాపకాన్ని రైతులే చూశారు. బోరుబావుల్లో నీటిమట్టాన్ని రైతులే, మహిళలతో సహా, కొలిచారు. ఆ లెక్కను ఊరి గోడమీద, బోర్డుమీద రాశారు. ఖరీఫ్ ముగిశాక అందరూ కూర్చుని, నేలలో ఎంత నీరుంది, రబీలో ఏ పంటకు ఎంత కావాలన్న పద్దు కట్టారు. ఎవరూ ఆజ్ఞాపించకుండానే చాలా చోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. స్వయంగా కొలిచిన అంకెను రైతు నమ్మాడు. నమ్మిన అంకె ప్రకారం నడుచుకున్నాడు. పథకం ముగిసినా అది నేర్పిన పాఠం చెక్కుచెదరలేదు.

చదువు రానివారికీ సమాచారం అందించవచ్చని జహీరాబాద్ ప్రాంత మహిళలు నిరూపించారు. 2008 అక్టోబరులో మాచునూరులో ప్రారంభమైన సంఘం రేడియోను దళిత మహిళలే నడిపించారు. చిరుధాన్యాలు, విత్తనాలు, వానల ముచ్చట్లు వారి యాసలోనే వినిపించాయి. పదుల పేజీల నివేదిక చేయలేని పని పది నిమిషాల మాట చేసింది.

బాధ్యత ఎవరిది?

అడవిని కాపాడే బాధ్యత అటవీ శాఖ ఒక్కదానిదే కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఏర్పాటయ్యాయి. 2002లో సామాజిక అటవీ యాజమాన్యం పేరుతో వాటి పాత్రను విస్తరించారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, సంప్రదాయంగా కాపాడుకుంటున్న సామాజిక అటవీ వనరును సంరక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కును గ్రామ సమాజాలకు కట్టబెట్టింది. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు పంపిణీ చేసింది. వీరందరూ ఈరోజు చట్టరీత్యా భూమి నిర్వాహకులే. హక్కు పత్రం చేతికిచ్చిన ప్రభుత్వం, ఆ భూమికి పొంచి ఉన్న ముప్పు ఏమిటో చెప్పే కాగితం కూడా ఇవ్వాల్సిన అవసరం ఉంది.

2023లో కేంద్రం సవరించిన జాతీయ అటవీ కార్యప్రణాళిక నియమావళి అందుకు ఒక అవకాశం. ప్రతి అటవీ డివిజన్‌కు ఏళ్ల ముందుగానే రూపొందే కార్యప్రణాళికల్లో ఉపగ్రహ సంకేతాలు, వర్షపాత లెక్కలు, భవిష్యత్ అంచనాలు చోటు చేసుకుంటేనే అవి అమలుకు నోచుకుంటాయి. లేదంటే తెరమీది పటం తెరమీదే, కాగితంమీది ప్రణాళిక కాగితంమీదే మిగిలిపోతాయి.

చేయాల్సింది కొంతే

కోట్లు వెచ్చించి మరో యాప్ తయారు చేయాల్సిన పనిలేదు. ఉన్నదాన్ని సర్దుకుంటే చాలు. మొదటగా, ప్రతి హెచ్చరికపైనా జారీ చేసిన తేదీ, వర్తించే ప్రాంతం, గడువు, ఇచ్చిన సంస్థ పేరు.. ఈ నాలుగూ తెలుగులో ఉండాలి. గడువు తీరినదాన్ని వెంటనే పక్కన పెట్టాలి. అసలుకు, నకిలీకి తేడా తెలిసేది అప్పుడే.

రెండోది, ఆంగ్లంలోని జిల్లా ఆపత్కాల ప్రణాళికలను ఇప్పటి జిల్లాలకు, వీలైతే మండలాలకు విడగొట్టి రెండేసి పేజీల తెలుగు కరపత్రాలుగా మార్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాలు, తెలంగాణలో రైతు వేదికలు ఉన్నాయి. జూన్ మొదటి వారానికే అవి అక్కడి గోడలకెక్కాలి.

మూడోది, ఫిబ్రవరి నుంచి మే వరకు ప్రతి రేంజి కార్యాలయంలో ఉపగ్రహ సందేశాన్ని స్థలం పేరుగా మార్చి వైర్‌లెస్‌లో చెప్పే బాధ్యత ఒక వ్యక్తికి అప్పగించాలి. వెళ్లి చూసినవారు మంట నిజమా, కాదా, కారణం ఏమిటో తిరిగి నమోదు చేయాలి. కింది నుంచి పైకి వెళ్లే ఆ సమాచారమే మరుసటి ఏడాది కాపలాకు దిక్సూచి అవుతుంది. చెంచుల వాడుకలోని కొలనులు, గుట్టలు, బాటల పేర్లను పటాలపై చేర్చడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు.

నాలుగోది, పాత సమాచారాన్ని భద్రపరచడం. శాఖ పేరు మారినా, ప్రభుత్వం మారినా, వెబ్ చిరునామా మారినా గత ఇరవై ఏళ్ల వర్షపాతం, అగ్ని సంకేతాలు, పంటల వివరాలు చెరిగిపోకూడదు. జిల్లా గ్రంథాలయంలో, డిగ్రీ కళాశాలలో ఒక్కో ప్రతి ఉంచినా మేలే. అన్నింటికీ మించి, మూతపడిన జిల్లా విభాగాల స్థానంలో వాతావరణాన్ని వ్యవసాయానికి అన్వయించి చెప్పే నిపుణుడిని జిల్లాకు ఒక్కరినైనా నియమించాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు కొత్త కాదు. అడవి కాలాక పట్టుకోవడానికి ఆకులు కూడా మిగలవు. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదన్నట్లు, ఉపగ్రహం చూసి చెప్పిన ముప్పు కార్యాలయంలోని కంప్యూటర్ దగ్గరే ఆగిపోతే నష్టపోయేది ఆ తెర ముందు కూర్చున్నవారు కారు. పొగ వాసన మొదట తగిలేది పెచ్చెరువు గూడేనికి, తడి లేక విత్తనం మాడేది మెట్ట రైతు చేనుకు. మరో శివరాత్రికి భక్తులు వెంకటాపురం దారిన అడవిలో అడుగుపెట్టేలోగా, ఆ బాటపై ఏటా ఎక్కడెక్కడ నిప్పు రాజుకుంటోందో చెప్పే ఒక్క తెలుగు పటం అక్కడి చెక్‌పోస్టు గోడమీద కనిపించినా మార్పు మొదలైనట్లే.